చెయ్యి అరువుకు రాదు

(ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి స్మృతిలో బీదర్‌లో చేసిన ఉపన్యాస పాఠం)



ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1928లో ఒంగోలులో పుట్టారు, 2012లో హైదరాబాదులో కన్నుమూశారు. తెలుగు ధాతువుల మీద ఆయన రాసిన ఇంగ్లీషు గ్రంథం 1961లో వచ్చింది. మూల ద్రావిడ భాష రూపురేఖలు వెతికే కఠినమైన శాస్త్రగ్రంథం అది. మరుసటి ఏడాదే ఆయన సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వెలువడింది. సేద్యపు పనిముట్లకు ఏ సీమ రైతు ఏ పేరు పెట్టుకున్నాడో ఏరి కూర్చిన కోశం అది. 1971లో చేనేత సంపుటం వచ్చింది. 2003లో ద్రావిడ భాషల మీద ఆయన బృహద్గ్రంథాన్ని కేంబ్రిడ్జి వారు అచ్చువేశారు. సిద్ధాంతం ఎంత ఎత్తుకు పోయినా దాని ఆధారాలు పొలంలో, మగ్గం గుంటలో, వంటింట్లో రోజూ నలిగే మాటల్లోనే ఉంటాయని ఆయన పని మొత్తం చెబుతుంది. అందుకే ఈరోజు నేనూ ఒక చిన్న మాటే ఎత్తుకున్నాను: చెయ్యి.

ఈ మాట గురించి మాట్లాడటానికి బీదర్‌ను మించిన చోటు తక్కువ. ఈ ఊరి చౌబారా బురుజు దగ్గర కాసేపు నిలబడితే చెయ్యి, కై, హాత్ అనే మాటలు తెలుగులో, కన్నడంలో, మరాఠీలో, దక్కనీ ఉర్దూలో చెవిన పడతాయి. 15వ శతాబ్దంలో బహమనీలు గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి తెచ్చాక పారశీకపు దస్త్ దర్బారులో స్థిరపడింది. చివరగా ఇంగ్లీషు హ్యాండ్ వచ్చింది. ఇన్ని చేతులు ఒకే బజారులో వందల ఏళ్లు రాసుకుని తిరిగాయి. అయినా ఎవరి చెయ్యి వారిదే. చెయ్యి చేసే పనులకు పేర్లు మాత్రం ధారాళంగా చేతులు మారాయి. ఇక చెయ్యి గురించి ఆలోచించే తీరు మాట మారకుండానే ఒక భాష నుంచి మరో భాషలోకి నడిచిపోయింది. నా ఉపన్యాసం ఈ మూడు సంగతుల గురించే.

1. కై చెయ్యి అయిన కథ

కన్నడంలో కివి, మనకు చెవి. వారికి కెరె, మనకు చెరువు. వారికి కెట్ట, మనకు చెడ్డ. ఇకార ఎకారాల ముందున్న పాత కకారం తెలుగులో చకారమైంది. మరి కైలో ఉన్నది అకారం కదా అని అడగవచ్చు. తెలుగు దారిలో కయ్ ముందు కెయ్ అయి, ఆ తర్వాత చెయ్ అయింది. కన్నడపు ముంగైని మన ముంజేతి పక్కన, వారి మొణకైని మన మోచేతి పక్కన పెట్టి చూడండి. ఒకే ఎముకకు ఒకే పేరు, మధ్యలో ఒక్క ధ్వని తేడా.

బీదర్ వాసులను కొంచెం ఆశ్చర్యపరిచే సంగతి ఒకటి ఇక్కడ ఉంది. తెలుగు, కన్నడం లిపిలో అక్కచెల్లెళ్లు. సాహిత్యంలో ఇచ్చిపుచ్చుకున్నవి. పాల్కురికి సోమనాథుడి బసవపురాణాన్ని భీమకవి 1369లో కన్నడంలోకి తెచ్చాడు. ఆ పురాణ నాయకుడు మంత్రిగా ఉన్న కల్యాణం ఈ జిల్లాలోనిదే. అయినా వంశవృక్షం గీసేటప్పుడు కృష్ణమూర్తి గారు కన్నడాన్ని తమిళ మలయాళాలతో కలిపి దక్షిణ శాఖలో ఉంచారు. తెలుగును గోండి, కొండ, కుయి, కువి భాషలతో కలిపి దక్షిణ మధ్య శాఖలో చేర్చారు. పుట్టుకలో మనకు గోండి దగ్గర, ఇరుగుపొరుగులో కన్నడం దగ్గర. గోండి ఈనాటికీ కయ్ అనే అంటుంది. కొండ భాషలో అది కియు. అంటే మన శాఖలోని ఈ చుట్టాలు కకారాన్ని నిలుపుకున్నారు. చకారం తెలుగు తన ఇంట్లో తాను చేసుకున్న మార్పు.

పాత కకారం తెలుగులో పూర్తిగా చెరిగిపోలేదు. కైకొనడం, కైవసం, ఆయుధమనే అర్థంలో కైదువు, కావ్యాల్లో కేలు అలా మిగిలాయి. జహీరాబాదు, నారాయణఖేడు పల్లెల్లో కూలికి పోవడాన్ని కైకిలి పోవడం అంటారు. ఆ కైకిలిలోనూ కై వినిపిస్తుంది. అలాగని కై వినిపించిన ప్రతిచోటా చెయ్యి వెతికితే చిక్కే. కైఫియతు అరబ్బీ మాట, చేతితో దానికి పని లేదు.

ఇంకో ఊరింపు కూడా ఉంది. చేయి అంటే అవయవం, పని చేయి అంటే ఆజ్ఞ. చెయ్యి ఉన్నది చెయ్యడానికే కదా, రెండూ ఒకటే అని చెవి చెబుతుంది. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి కోశం వీటిని రెండు వేర్వేరు పద్దుల కింద ఉంచింది. తమిళంలో అవయవం కై, క్రియ చెయ్. పాత కన్నడంలో అవయవం కై, క్రియ గెయ్. వేర్వేరు దారుల్లో నడిచిన రెండు మాటలు తెలుగులో ఒకే గడపకు చేరాయి. చేతులు, చేతలు అని పక్కపక్కన అన్నప్పుడు మనకు కలిగే ఆ చనువు అలా వచ్చింది.

2. చెయ్యి ఎక్కడ ముగుస్తుంది?

ఇంగ్లీషువాడికి భుజం నుంచి మణికట్టు దాకా ఒక మాట, మణికట్టు నుంచి వేళ్ల దాకా మరో మాట. వాడి హ్యాండ్ ఈ రెండోది. మనకు భుజం నుంచి వేలి కొన దాకా అంతా చెయ్యే. చెయ్యి విరిగిందని వచ్చినవాణ్ణి వైద్యుడు ఎక్కడ అని మళ్లీ అడగాల్సిందే. అప్పుడు దండచెయ్యి, మోచెయ్యి, ముంజెయ్యి, అరచెయ్యి అని ముక్కలు చెబుతాం. ఆ ముక్కలన్నింటిలోనూ చెయ్యి ఉంటుంది. ఇది మన ఒక్కరి వింత కాదు. సెసిల్ బ్రౌన్ అనే పండితుడు ఆరువందలకు పైగా భాషలను పోల్చి చూస్తే మూడో వంతుకు మించిన భాషల్లో ఇలా ఒకే మాట ఉంది. 2005లో వచ్చిన ప్రపంచ భాషా నిర్మాణాల పటంలో ఆ లెక్క అచ్చయింది. చలి దేశాల్లో ఒంటికి కుట్టిన బట్ట చేతిని మణికట్టు దాకా కప్పుతుంది, అరచెయ్యి మాత్రమే బయట ఉంటుంది, అందుకే అక్కడ రెండు పేర్లు పుట్టి ఉంటాయని ఆయన ఊహ. దర్జీ దగ్గర మన తీరు చూస్తే దీనికి మరో కొసమెరుపు దొరుకుతుంది. మనం కప్పిన బట్టనే చెయ్యి అన్నాం. పొడుగు చేతుల చొక్కా, పొట్టి చేతుల జాకెట్టు. కన్నడంలో దాన్ని తోళు అంటారు, మరాఠీలో బాహీ. రెండూ భుజం నుంచి దిగే భాగం పేర్లు. ఉర్దూ దర్జీ మాత్రం ఒంటి జోలికి పోకుండా ఆస్తీన్ అంటాడు.

చెయ్యి మొదటి కొలబద్ద కూడా. పూలమ్మే ఆమె మోచేతి నుంచి వేలి కొన దాకా సాగదీసి మూర అంటుంది. కన్నడపు పూలబుట్ట దగ్గర అదే మొళ. జానెడు, బెత్తెడు, పిడికెడు, చేరెడు, దోసెడు అన్నీ చేతిలోంచి పుట్టిన కొలతలే. ఇంగ్లీషువాళ్లు గుర్రం ఎత్తును ఇప్పటికీ హ్యాండ్‌లలో చెబుతారు. ఒక హ్యాండ్ 4 అంగుళాలు.

ఒక వస్తువులో చెయ్యి కనిపించడం, కనిపించకపోవడం కూడా భాష ఇష్టం. గడియారంలో తిరిగేది ఇంగ్లీషు కంటికి చెయ్యి. తెలుగుకు, కన్నడానికి అది ముల్లు. మరాఠీకి కాటా, అదీ ముల్లే. ఉర్దూకు సూది. నాలుగు భాషల్లో ఒక్కదానికీ అక్కడ చెయ్యి తోచలేదు. తొండాన్ని చూసినప్పుడు మాత్రం సంస్కృతానికి చెయ్యి తోచింది. హస్తం ఉన్నది కనుక హస్తి. ఈ వీధుల్లో పిల్లలు హాథీ అంటున్నది ఆ హస్తినే.

3. దర్బారు చెయ్యి, గుడి చెయ్యి

గీలాన్ నుంచి వచ్చి బహమనీల వజీరైన మహమూద్ గవాన్ 1472లో ఇక్కడ మదర్సా కట్టించాడు. ఆయన స్వయంగా పారశీక లేఖా రచనలో దిట్ట, ఆయన లేఖల సంపుటి రియాజుల్ ఇన్షా పేరున్న గ్రంథం. 1481లో సుల్తాను ఆజ్ఞతో ఆయన తల తెగింది. ఆయన నడిపిన పాలనా భాష మాత్రం దక్కనులో కుదురుకుంది. ఆ భాషలో చెయ్యి దస్త్. దాన్ని వెంటబెట్టుకుని ఎన్ని మాటలు మన ఊళ్లలోకి వచ్చాయో చూడండి. చేతి రాత కనుక దస్తఖత్తు. చేత పట్టుకుని నిలవగల ఆధారం దస్తావేజు. చేతికి వచ్చేంత కట్ట దస్తా, 24 కాగితాలు. తెలంగాణలో జేబురుమాలు దస్తీ. పైచెయ్యి చూపించడం జబర్దస్తీ. చెయ్యి పట్టి ఆదుకునేవాడు దస్తగీర్. అది అబ్దుల్ ఖాదర్ జీలానీకి బిరుదు. ఆయన మీది భక్తితో రాయలసీమలో హిందువులు కూడా పిల్లలకు దస్తగిరి అని పేరు పెట్టుకున్నారు.

ఈ ఊరికి పేరు తెచ్చిన బిద్రీ పనినే చూద్దాం. యశదంలో కొద్దిపాటి రాగి కలిపి పోతపోస్తారు. పైన మైలతుత్తం నీళ్లు పూసి నలుపు తెప్పించి, ఆ నలుపు మీద ఉలి మొనతో నేరుగా బొమ్మ గీస్తారు. గీత తవ్వి వెండిని కొట్టి కూర్చుతారు. చివర కోట మట్టిలో నవసాగరం కలిపి రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి అలాగే మెరుస్తుంది. దీనికి 2006లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో బీదర్ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ వచ్చింది. వెండి తీగ పొదిగే పని తార్‌కషి, వెండి రేకు లోతుగా పొదిగే పని తెహ్‌నిషాన్, ఉబ్బెత్తుగా నిలిపేది జర్‌బులంద్. ఈ పనివాడు దస్తకార్. పేర్లన్నీ పారశీకపువి. అంత దస్తకారీ చేసే ఊళ్లోనూ నా దస్త్ నొప్పి పెడుతోందని అనేవాళ్లు ఎవరూ లేరు.

గుడి వైపు చూడండి. వీరశైవులు ఇష్టలింగాన్ని ఎడమ అరచేతిలో ఉంచుకుని పూజిస్తారు. ఆ అరచేతికి కరస్థలమని పేరు. జనం నోటి కన్నడాన్ని అంతగా ఎత్తిపట్టిన వీరశైవ శరణులు కూడా పూజలోని చేతికి సంస్కృతపు కరమనే అన్నారు. మన పెళ్లిలో అది పాణిగ్రహణం. ఎన్నికల గుర్తుగా 1978 నుంచి కాంగ్రెసుకు చెయ్యి ఉంది. తెలుగు పత్రికల శీర్షికల్లో అది హస్తం, ఓటరు నోట చెయ్యి గుర్తు. కన్నడ పత్రికలు మాత్రం మొహమాటం లేకుండా కై అనే వేస్తాయి.

సంస్కృతపు హస్తం, పారశీకపు దస్త్ ఒకే మూలం నుంచి చీలినవి. హస్తాక్షరమన్నా దస్తఖత్తన్నా కొమ్మలు వేరు, చెట్టు ఒకటి. మన చేవ్రాలు ఆ చెట్టుకు చెందదు. అయితే మన చెయ్యి పరాయి మాటను కలుపుకోవడంలో ఏనాడూ వెనకాడలేదు. చేతిరుమాలులో రుమాలు పారశీకం, ముఖం తుడిచేదని అర్థం. చేబదులులో బదులు అరబ్బీ నుంచి వచ్చింది. కన్నడంలో అదే కైగడ. అప్పు మాటే అప్పుగా వచ్చింది, ఇచ్చే చెయ్యి మాత్రం ఇంటిదే.

4. ఇంగ్లీషు ఇంట్లోనూ ఇంతే

ఇంగ్లీషును చూసి మనం అప్పుడప్పుడు చిన్నబుచ్చుకుంటాం, మన భాష నిండా అరువు మాటలేనని. హ్యాండ్ కథ వింటే ఆ బెంగ తీరుతుంది. అది వారి పాత జర్మానిక్ సొత్తు. జర్మన్‌లో ఇప్పటికీ అది హాండ్ అనే ఉంది, గోతిక్‌లో హండుస్. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక దర్బారు భాష ఫ్రెంచి అయింది, చదువు భాష ఎటూ లాటిన్. లాటిన్‌లో చెయ్యి మానుస్. చేతిపని మాన్యువల్, చేతిరాత ప్రతి మాన్యుస్క్రిప్టు. గుర్రాన్ని చేతితో అదుపు చేయడమనే ఇటాలియన్ మాట నుంచి మేనేజర్ వచ్చాడు. వైద్యుడి కోతకు గ్రీకును అడిగారు. సర్జన్ అంటే మూలార్థంలో చేతిపనివాడు. ఆఫీసుకు మానుస్, ఆసుపత్రికి గ్రీకు, ఒంటికి మాత్రం హ్యాండ్. మనకు దస్తావేజుల ఆఫీసు, పాణిగ్రహణపు పందిరి, ఒంటికి చెయ్యి ఉన్నట్టే.

భాషల చుట్టరికం తేల్చాలనుకున్నవారు అవయవాల పేర్లను ముందు అడిగేది ఇందుకే. మోరిస్ స్వదేశ్ తయారు చేసిన వంద మాటల జాబితాలో చెయ్యి ఉంది, కన్ను ఉంది, దస్తావేజు లేదు. తల్లి ఒడిలో నేర్చిన మాటను రాజు మారినంత మాత్రాన జనం మార్చుకోరు. రాజు కచేరీకి పోయినప్పుడు అక్కడి మాట నేర్చుకుంటారు.

5. చెయ్యిచ్చినవాడు మిత్రుడా?

ఇంతవరకు మాటల సంగతి. పలుకుబడుల దగ్గరికి వస్తే సరిహద్దులు వేరుగా కనిపిస్తాయి. ఒకడు నాకు చెయ్యిచ్చాడని తెలుగువాడంటే నమ్మించి ముంచాడని అర్థం. కన్నడంలోనూ అంతే, కై కొట్ట అంటే వంచించాడు. వానలు పడకపోతే కన్నడ పత్రిక కై కొట్ట మళె అని శీర్షిక పెడుతుంది. మరాఠీలో హాత్ దేణే అంటే ఆదుకోవడం. ఇంగ్లీషులోనూ చెయ్యివ్వడం సాయపడటమే. ఇక్కడి గాంధీ గంజ్ బజారులో ఒక మరాఠీ వ్యాపారి ఫలానావాడు చెయ్యిచ్చాడని మెచ్చుకుంటే పక్కనున్న తెలుగువాడు అయ్యో పాపమని జాలిపడే ప్రమాదముంది. మనకు ఆదుకోవడానికి చేయూత ఉంది, చెయ్యి అందించడం ఉంది. ఊరికే ఇస్తే మోసం, అందిస్తే సాయం. నగరపు కుర్రాళ్లు హ్యాండిచ్చాడు అంటున్నారు. మాట ఇంగ్లీషు, మోసం అచ్చ తెలుగు. ఇంగ్లీషువాడు వింటే తలకిందులుగా అర్థం చేసుకుంటాడు.

కొట్టడానికి మనం చెయ్యి చేసుకోవడమంటాం, కన్నడిగులు కై మాడిద అంటారు. రెండింటిలోనూ చెయ్యి, చెయ్యడం. ఉర్దూలో చెయ్యి ఎత్తితే చాలు. లంచానికి తెలుగు చెయ్యి తడుపుతుంది. కన్నడం చెయ్యి వెచ్చగా చేస్తుంది, ఉర్దూ పిడికిలి వేడెక్కిస్తుంది. ఇక్కడ కన్నడం తన ద్రావిడ చుట్టాన్ని విడిచి పొరుగింటి ఉర్దూతో జతకట్టింది. దొంగతనం వార్తలో మన పత్రికకు దొంగల చేతివాటం, కన్నడ పత్రికకు కళ్ళర కైచళక. చేతకాక వదిలేసేటప్పుడు మనం చేతులెత్తేస్తాం, ఉర్దూవాళ్లూ హాథ్ ఖడే కర్ దియే అంటారు. కన్నడిగులు కై చెల్లి కూర్చుంటారు, చెయ్యి ఒలకబోసినట్టు. ఏ పలుకుబడి ఎవరితో కలుస్తుందో వంశవృక్షం చూసి చెప్పలేం. ఎవరి పక్కన ఎవరు బతికారో, ఎవరితో ఎవరు బేరమాడారో చూస్తేనే తెలుస్తుంది.

6. వ్యాకరణంలో దూరిన చెయ్యి

ఇంకా లోపలికి వెళదాం. బడిలో మనం వల్లెవేసిన తృతీయా విభక్తి చేతన్, చేన్, తోడన్, తోన్. 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణం అచ్చయ్యేనాటికే ఆ చేతలో అవయవం ఎవరికీ కనిపించనంతగా అరిగిపోయింది. రామునిచేత అంటే మొదట రాముని చేతితో అనే. శరీరం నుంచి వ్యాకరణంలోకి జారిన మాట ఇది. నా చేత కాదు అన్నప్పుడు, చేతకానివాడని తిట్టినప్పుడు ఆ చెయ్యి లోపల కదులుతూనే ఉంది. ఆటల పేజీలో ప్రత్యర్థి చేతిలో ఓటమి అని చదువుతాం, ఓడింది పదకొండు మంది అయినా.

కన్నడిగుడు నన్న కైలి ఆగోదిల్ల అంటాడు. అక్షరాలా నా చేత కాదు. నా చేత తప్పు జరిగిందని మనమంటే మరాఠీవాడు మాఝ్యా హాతూన్ చూక్ ఝాలీ అంటాడు, ఉర్దూవాడు మేరే హాథోఁ గలతీ హుయీ అంటాడు. కై వేరు, హాత్ వేరు, చెయ్యి వేరు. మాట పేర్చిన తీరు ఒక్కటే. తప్పు నేను చేశానని ఎవరూ అనరు. చేతిమీదుగా జరిగిపోయిందని అంటారు. ఈ మర్యాద నాలుగు భాషలదీ.

1956 మన ప్రాంతానికి రెండు విధాలుగా గుర్తుండాల్సిన ఏడాది. ఆ నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రంలోని పాత బీదర్ జిల్లా మూడు ముక్కలైంది. నారాయణఖేడు తాలూకా, జహీరాబాదు తాలూకాలో ఎక్కువ భాగం తెలుగు వైపు మెదక్ జిల్లాలో కలిశాయి. ఉద్గీర్, అహ్మద్‌పూర్, నిలంగా మరాఠీ వైపు పోయాయి. మిగిలింది మైసూరుకు చేరింది. అదే ఏడాది కృష్ణమూర్తి గారి గురువు ముర్రే ఎమెనో భారతదేశం ఒక భాషా క్షేత్రమని చెప్పే ప్రసిద్ధ వ్యాసం ప్రకటించారు. వేర్వేరు వంశాల భాషలు పక్కపక్కన బతికి ఒకదాని తీరు ఒకటి పట్టుకుంటాయన్నది దాని సారం. పాలకులు మాటను బట్టి గీత గీశారు, పండితుడు మాట వెనకున్న తీరును బట్టి గీత చెరిపాడు. ఇద్దరి దగ్గరా ఆధారాలున్నాయి.

1971లో గంపెర్జ్, విల్సన్ అనే పరిశోధకులు మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలోని కుప్వార్ గ్రామం మీద రాశారు. అక్కడా ఇవే నాలుగు భాషలు: కన్నడం, మరాఠీ, ఉర్దూ, కొద్దిమంది తెలుగు. ప్రతి ఇంటికీ తన మాటలు తనకున్నాయి, వాక్యం కట్టే తీరు మాత్రం దాదాపు ఒక్కటైపోయింది. కుప్వార్‌కు దొరికినటువంటి పరిశోధకులు బీదర్‌కు ఇంకా రాలేదనుకుందాం. వారి కోసం ఎదురుచూడాల్సిన అవసరం మాత్రం లేదు.

7. మనం చేయవలసింది

స్మారకోపన్యాసం పొగడ్తతో ముగియడం ఆనవాయితీ. కృష్ణమూర్తి గారికి అది సరిపడదు. వృత్తిపదకోశానికి ఆయన వేసిన పద్ధతి మన ముందుంది: మాట అన్నవారి దగ్గరికి వెళ్లడం, ఏ ఊళ్లో విన్నదో రాయడం, పండితుడికి నచ్చినా నచ్చకపోయినా విన్నది విన్నట్టు ఎక్కించడం. అదే పద్ధతిలో ఒక చిన్న కోశం బీదర్ కట్టగలదు. ఎడమ వైపు అవయవం పేరు: చెయ్యి, కాలు, కన్ను, కడుపు, తల, నోరు. దాని పక్కన నాలుగు వరుసలు: తెలుగు, కన్నడం, మరాఠీ, దక్కనీ. ప్రతి వరుసలో ఆ అవయవంతో పుట్టిన పలుకుబడులు, అన్నవారి వృత్తి, విన్న ఊరు. ఔరాద్ వైపు, జహీరాబాదు వైపు, ఉద్గీర్ వైపు ఊళ్లను కలుపుకుంటే పాత జిల్లా మళ్లీ కాగితం మీద ఒకటవుతుంది.

ఇందులో తొందర చేయాల్సిన భాగం ఒకటుంది. కొలతల మాటలు, కైకిలి మాటలు, దస్తకారుల మాటలు పని మారగానే పోతాయి. వాటిని పెద్దవాళ్ల దగ్గర ముందు అడగాలి. చెయ్యిచ్చాడు, చెయ్యి తడిపాడు లాంటివి మోసం, లంచం ఉన్నంతకాలం ఎక్కడికీ పోవు, అవి ఆగగలవు. కన్నడ మిత్రులు ఈ సభలో ఉన్నారు, మరాఠీ ఉపాధ్యాయులు ఉన్నారు, ఉర్దూ తెలిసినవారికి ఈ ఊళ్లో కొదవ లేదు. వచ్చే ఏడు ఇదే వేదిక మీద నా లాంటివాడి ఉపన్యాసానికి బదులు ఆ కోశం తొలి విడతను, చెయ్యి ఒక్కదానితోనైనా సరే, చదివి వినిపించండి. తప్పులుంటే సభే దిద్దుతుంది.